మూడేళ్ళ అమ్మకాల లెక్కలకు న్యూరల్ నెట్‌వర్క్ పెట్టవచ్చా? జెనెటిక్ అల్గారిథమ్ ఎక్కడ అవసరం?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీరు చెన్నైలో ఎంబీఏ చివరి సంవత్సరం చదువుతూ, మాధవరం దగ్గర ఒక కిరాణా సరుకుల డిస్ట్రిబ్యూటర్ వద్ద ప్రాజెక్టు చేస్తున్నారు. 2023 నుంచి 2025 వరకు మూడేళ్ళ బిల్లుల డేటా మీ చేతిలో ఉంది. న్యూరల్ నెట్‌వర్కుతో (మెదడు కణాల అల్లికను అనుకరిస్తూ డేటా నుంచి నేర్చుకునే మోడల్‌తో) అమ్మకాలను అంచనా వేసి, జీవ పరిణామాన్ని అనుకరించే జెనెటిక్ అల్గారిథమ్‌తోనో చీమలు దారి వెతికే తీరును అనుకరించే చీమల పద్ధతితోనో డెలివరీ బండ్ల దారులు నిర్ణయించమని మీ గైడ్ సూచించారు. ఇవి ఆర్థిక శాస్త్రంలోనూ వ్యాపార నిర్వహణలోనూ నిజంగా పనికొస్తాయా, పరిశోధన పత్రాలకే పరిమితమా అన్నది మీ సందేహం. ఒక సరుకు అమ్మకం ఎందుకు పడిపోయిందో కూడా నెట్‌వర్కు చెప్పగలదా అని చివర్లో అడిగారు.

సూటిగా చెబుతాను. సరుకులన్నిటినీ, బీట్లన్నిటినీ (ఒక్కో సేల్స్‌మన్ తిరిగే దుకాణాల మార్గాలను) కలిపి ఒకే మోడల్‌కు నేర్పగలిగితేనే అంచనాకు న్యూరల్ నెట్‌వర్కు పెట్టండి. ఒక్కొక్క సరుకుకు విడివిడిగా నెలవారీ లెక్కలతో పెట్టవద్దు. దారులు వేయడానికి జెనెటిక్, చీమల పద్ధతుల వంటి జీవ ప్రేరిత పద్ధతులు బాగానే పనిచేస్తాయి, కానీ వాటికంటే ముందు ప్రయత్నించవలసిన సాధనాలు ఉన్నాయి. అమ్మకం ఎందుకు తగ్గిందన్న ప్రశ్నకు మాత్రం ఈ రెండూ సమాధానం ఇవ్వవు. పద్ధతిని దాని పేరు చూసి ఎంచుకోకండి. ఆ అంచనా చేతికి వచ్చాక మీ యజమాని ఏ నిర్ణయం తీసుకుంటారో దాన్ని బట్టి ఎంచుకోండి. నేను చెన్నైలో పంపిణీ సంస్థలకూ, అంబత్తూరు వైపు చిన్న ఫ్యాక్టరీలకూ చాలా ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను కాబట్టి కారణాలు కొంత వివరంగా రాస్తాను.

మొదట డేటా పరిమాణం సంగతి చూద్దాం. 12 ఇన్‌పుట్లు, ఒకే దాపు పొరలో (ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య ఉండే హిడెన్ లేయర్‌లో) 20 న్యూరాన్లు, ఒక అవుట్‌పుట్ ఉన్న చిన్న నెట్‌వర్కులో కూడా నేర్చుకోవలసిన విలువలు 281 ఉంటాయి. మూడేళ్ళ నెలవారీ లెక్కలంటే 36 అంకెలు. 36 అంకెలతో 281 విలువలు నిర్ణయించమంటే ఆ నెట్‌వర్కు గతాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పగిస్తుంది, వచ్చే నెల గురించి మాత్రం ఏమీ చెప్పలేదు. దేశ ఆర్థిక వ్యవస్థ స్థాయిలోనూ ఇదే ఇబ్బంది. మన త్రైమాసిక జీడీపీ లెక్కలు 1996-97 నుంచి 2023-24 వరకు తీసుకుంటే 112 అంకెలే. పట్టణ, గ్రామీణ ప్రాంతాలను కలిపిన వినియోగదారుల ధరల సూచీ 2011 జనవరి నుంచి 2024 డిసెంబరు వరకు 168 నెలలే. పైగా ఆ మధ్యలోనే 2016 నవంబరులో నోట్ల రద్దు, 2017 జులైలో జీఎస్టీ, 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాయి. వాటికి ముందున్న సంబంధాలు తరువాత అలాగే నిలుస్తాయన్న భరోసా లేదు. అందుకే స్థూల ఆర్థిక అంచనాలలో సాధారణ గణాంక పద్ధతులను నెట్‌వర్కులు నిలకడగా ఓడించడం కష్టం.

ఈ రంగంలో హాల్బర్ట్ వైట్ అనే ఆర్థికవేత్త పనిని మీరు తప్పక తెలుసుకోవాలి. తగినన్ని న్యూరాన్లు ఇస్తే ఒక దాపు పొర ఉన్న నెట్‌వర్కు ఏ నిరంతర ఫంక్షన్‌నైనా కోరినంత దగ్గరగా అనుకరించగలదని 1989లో కర్ట్ హోర్నిక్, మాక్స్‌వెల్ స్టించ్‌కోంబ్‌లతో కలిసి నిరూపించినవారిలో ఆయన ఒకరు. అంతకు ఏడాది ముందే, 1988లో, ఐబీఎం షేరు రోజువారీ రాబడులను నెట్‌వర్కుతో అంచనా వేయడానికి ప్రయత్నించి, నేర్పిన డేటా మీద బాగా కుదిరినది కొత్త డేటా మీద నిలవలేదని స్వయంగా రాశారు. అనుకరించగల శక్తి వేరు, అనుకరించడానికి అక్కడ స్థిరమైన నియమం ఒకటి ఉండటం వేరు. మీ ప్రాజెక్టు నివేదికలో సిద్ధాంత భాగానికి ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చర్చిస్తే చాలు, పది పేజీల చరిత్ర అవసరం లేదు.

మరి నెట్‌వర్కు ఎక్కడ గెలుస్తుంది? ఒకే స్వభావం ఉన్న అమ్మకాల అంకెల వరుసలు వేల సంఖ్యలో ఉన్నచోట గెలుస్తుంది. మీ డిస్ట్రిబ్యూటర్ దగ్గర 300 సరుకులు, 20 బీట్లు ఉన్నాయనుకుందాం. 156 వారాలకు 9,36,000 వరుసల డేటా అవుతుంది. ఇప్పుడు ఒక బీటులో కొత్తగా ప్రవేశపెట్టిన బిస్కెట్ గురించి మోడల్‌కు నేరుగా తెలియకపోయినా, అలాంటి బిస్కెట్లు మిగతా బీట్లలో మొదటి ఆరు వారాలు ఎలా కదిలాయో తెలుసు. నేను పనిచేసిన ఒక సంస్థలో సరుకుకొక నెట్‌వర్కు పెట్టినప్పుడు అది గత సంవత్సరం అదే వారపు అమ్మకాన్ని తీసుకునే మామూలు లెక్క కంటే వెనకబడింది. అన్నిటినీ కలిపి ఒకే మోడల్‌గా నేర్పినప్పుడు, ముఖ్యంగా తక్కువగా అమ్ముడయ్యే సరుకుల విషయంలో, స్పష్టంగా ముందుకు వచ్చింది.

పెద్ద పోటీలలోనూ ఇదే కనిపించింది. స్పైరోస్ మక్రిడాకిస్ నిర్వహించే అంచనాల పోటీలలో 2018 నాటి ఎం4కు లక్ష వరుసలు ఇచ్చారు. కేవలం మెషిన్ లెర్నింగ్ మీదే ఆధారపడిన ఆరు పద్ధతులలో ఒక్కటి కూడా సాధారణ గణాంక పద్ధతుల సగటును దాటలేదు. గెలిచినది స్లావెక్ స్మిల్ రూపొందించిన మిశ్రమ పద్ధతి. అందులో ఎక్స్‌పొనెన్షియల్ స్మూతింగ్ (ఇటీవలి అంకెలకు ఎక్కువ బరువిచ్చే సగటు పద్ధతి) ఋతువుల మార్పును పట్టుకుంటే, అన్ని వరుసల నుంచి నేర్చుకున్న రికరెంట్ న్యూరల్ నెట్‌వర్కు (ముందటి అంకెలను గుర్తుంచుకునే రకం) మిగిలిన కదలికను పట్టుకుంటుంది. 2020లో వాల్‌మార్ట్ అమ్మకాల డేటాతో జరిగిన ఎం5లో ముందు వరుసలో నిలిచినవి ఎక్కువగా లైట్‌జీబీఎం అనే నిర్ణయ వృక్షాల పద్ధతి ఆధారంగా చేసినవి. అది మెదడునూ అనుకరించదు, పరిణామాన్నీ అనుకరించదు. కాబట్టి మీ డేటా మీద ముందు గత సంవత్సరపు అదే వారం, తరువాత ఎక్స్‌పొనెన్షియల్ స్మూతింగ్, ఆ తరువాత లైట్‌జీబీఎం, చివరికి న్యూరల్ నెట్‌వర్కు అన్న క్రమంలో వెళ్ళండి. ప్రతి మెట్టులో ఎంత మెరుగైందో పట్టిక వేయండి. ఏదో ఒక మెట్టు దగ్గర మెరుగుదల ఆగిపోతే అక్కడే ఆగడం మంచి పరిశోధన.

అయితే నా అనుభవంలో అల్గారిథమ్ ఎంపిక కంటే ఎక్కువ తేడా తెచ్చేది బిల్లుల వెనక ఉన్న వ్యవహారం. కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే ప్రైమరీ అమ్మకాలను తీసుకోకండి, డిస్ట్రిబ్యూటర్ నుంచి దుకాణాలకు వెళ్ళే సెకండరీ అమ్మకాలనే తీసుకోండి. వాటిలో కూడా నెలాఖరు నాలుగైదు రోజులలో టార్గెట్ అందుకోవడానికి సేల్స్‌మన్లు దుకాణాలకు ఎక్కువ సరుకు వేస్తారు. వచ్చే నెల మొదటి వారంలో దానికి తగ్గట్టు అమ్మకం పడిపోతుంది, కొంత సరుకు క్రెడిట్ నోటు మీద వెనక్కి వస్తుంది. ఇది చెప్పకపోతే మోడల్ ఆ ఒత్తిడినే ప్రజల గిరాకీ అనుకుంటుంది. రెండోది, గోడౌన్‌లో సరుకు లేని రోజున అమ్మకం సున్నా అని నమోదవుతుంది. అది గిరాకీ సున్నా కాదు. ఆ రోజులను గుర్తించి వేరు చేయకుండా నేర్పితే, స్టాకు లేనందువల్ల అమ్మలేకపోయిన సరుకుకు మోడల్ తక్కువ అంచనా ఇస్తుంది, అందువల్ల మీరు తక్కువ తెప్పిస్తారు, మళ్ళీ స్టాకు అయిపోతుంది. రోజువారీ స్టాకు రిజిస్టరు దొరకకపోతే ప్రాజెక్టు మొదలుపెట్టే ముందే దాని కోసం యజమానిని గట్టిగా అడగండి.

పండగల విషయం మూడోది. దీపావళి 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న వచ్చింది. నెల సంఖ్యను మాత్రమే ఇన్‌పుట్‌గా ఇస్తే మీ మూడేళ్ళ డేటా నుంచి ఏ మోడలూ దీపావళిని నేర్చుకోలేదు. దీపావళికి ఇంకా ఎన్ని రోజులుంది అన్నదాన్ని ఒక ఇన్‌పుట్‌గా ఇవ్వండి, మన వాళ్ళు ఎక్కువగా ఉండే బీట్లకు ఉగాదికీ అలాగే చేయండి. పొంగల్‌కు, ఆడి నెల తగ్గింపు అమ్మకాలకు ఈ బాధ తక్కువ, ఎందుకంటే తమిళ పంచాంగం సౌరమానం కనుక అవి ఏటా దాదాపు అవే తేదీలలో వస్తాయి. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపానుకు నగరం నీట మునిగిన రోజులను విడిగా గుర్తు పెట్టండి, లేకపోతే ప్రతి డిసెంబరు మొదటి వారంలోనూ అమ్మకం కుప్పకూలుతుందని మోడల్ కొంతవరకు నమ్ముతుంది.

ఇక నిర్ణయం సంగతికి వస్తాను. విద్యార్థుల నివేదికలన్నీ సగటు దోషం ఎంత తగ్గిందో చెప్పి ఆగిపోతాయి. యజమానికి కావలసినది రేపు ఎన్ని పెట్టెలు తెప్పించాలన్న సంఖ్య. పెరుగు ప్యాకెట్ ఒకటి అమ్మితే 4 రూపాయలు మిగులుతుందనీ, మిగిలిపోతే 12 రూపాయలు పోతాయనీ అనుకుందాం. తక్కువ పడితే పోయే 4ను, తక్కువ, ఎక్కువ రెండింటి నష్టాల మొత్తం 16తో భాగిస్తే 0.25 వస్తుంది. అంటే నూటికి 25 రోజులు మాత్రమే గిరాకీ మీ ఆర్డరులోపు ఉండేంత తక్కువగా తెప్పించాలి. మిగతా 75 రోజులు ఇంకా అడిగేవాళ్ళు ఉన్నా సరే. అదే బిస్కెట్‌కు మిగులు 6 రూపాయలు, వారం నిల్వ ఉంచే ఖర్చు 1 రూపాయి అయితే నిష్పత్తి దాదాపు 0.86, అంటే ఉదారంగా తెప్పించాలి. రెండు సరుకులకూ సగటు గిరాకీ ఒకటే అయినా తెప్పించవలసిన సంఖ్యలు పూర్తిగా వేరు. న్యూరల్ నెట్‌వర్కులో నాకు నిజంగా నచ్చే గుణం ఇక్కడే ఉంది: దానికి సగటు దోషం బదులు క్వాంటైల్ లాస్ (తక్కువ అంచనాకూ ఎక్కువ అంచనాకూ వేరువేరు శిక్ష వేసే కొలత) ఇస్తే, మనకు కావలసిన ఆ 0.25 లేదా 0.86 స్థాయినే నేరుగా అంచనా వేస్తుంది. లైట్‌జీబీఎం కూడా ఈ పని చేస్తుంది. సరుకు దొరకనందువల్ల దుకాణదారుడు వేరే డిస్ట్రిబ్యూటర్ దగ్గరికి వెళ్ళిపోయే నష్టాన్ని కూడా ఆ 4 రూపాయలకు కలపాలి. దాన్ని ఎంతగా లెక్కించాలో మీ యజమానితో కూర్చుని మాట్లాడి నిర్ణయించండి. ఆ సంభాషణ మీ ప్రాజెక్టులో అతి విలువైన భాగం అవుతుంది.

ఇప్పుడు దారుల సమస్య. ఒక బండి 10 దుకాణాలకు వెళ్ళాలంటే వెళ్ళగల క్రమాలు 36 లక్షల పైన ఉంటాయి. 15 దుకాణాలకు 1.3 లక్షల కోట్లు. అన్నిటినీ పరీక్షించడం కుదరదు కాబట్టి తెలివిగా వెతకాలి. జాన్ హాలండ్ 1975లో క్రమబద్ధం చేసిన జెనెటిక్ అల్గారిథమ్‌లో చాలా దారులను ఒక జనాభాగా ఉంచి, మంచివాటిని జతపరిచి, కొద్దిగా మార్పులు చేస్తూ తరతరానికీ మెరుగుపరుస్తారు. మార్కో డోరిగో 1992 నాటి డాక్టరేట్ సిద్ధాంత గ్రంథంలో ప్రతిపాదించిన చీమల పద్ధతిలో, పొట్టి దారులలో వెళ్ళిన కృత్రిమ చీమలు ఎక్కువ ఫెరమోన్ (దారి గుర్తుగా వదిలే వాసన పదార్థం) వదులుతాయి, తరువాతి చీమలు అటువైపు మొగ్గుతాయి, ఫెరమోన్ క్రమంగా ఆవిరవుతుంది. ఈ ఆవిరయ్యే వేగమే ఆ పద్ధతికి ప్రాణం. అది మరీ తక్కువైతే మొదట్లో దొరికిన మామూలు దారికే చీమలన్నీ అతుక్కుపోతాయి. మరీ ఎక్కువైతే నేర్చుకున్నది నిలవదు. జెనెటిక్ అల్గారిథమ్ రాసేటప్పుడు విద్యార్థులు తరచుగా తడబడే చోటు ఒకటుంది. రెండు దారులను మధ్యలో కోసి అతికిస్తే ఒక దుకాణం రెండుసార్లు వస్తుంది, ఇంకొకటి తప్పిపోతుంది. వరుస చెడకుండా జతపరిచే ఆర్డర్ క్రాస్‌ఓవర్ వాడాలి.

కానీ ఇవి రాయడానికి కూర్చోకముందు గూగుల్ ఉచితంగా ఇచ్చే ఓఆర్-టూల్స్‌తో అదే సమస్యను పరిష్కరించి చూడండి. బండి సామర్థ్యం, దుకాణం తెరిచే వేళలు, డ్రైవరు పని గంటలు అన్నీ అందులో చెప్పవచ్చు. దాని ఫలితం కంటే మీ జెనెటిక్ అల్గారిథమ్ మెరుగైతేనే అది చెప్పుకోదగినది. జీవ ప్రేరిత పద్ధతులు నిజంగా ఉపయోగపడేది నియమాలు చిక్కుగా ఉండి, సూత్రాలుగా రాయడం కష్టమైనచోట. అంబత్తూరులో ఒక మెషీన్ షాపుకు పనుల వరుస వేసినప్పుడు, ఒక పని తరువాత ఏ పని వస్తుందో దాన్ని బట్టి సెట్టింగ్ సమయం మారేది. ఒక వరుస మంచిదో కాదో చెప్పడానికి చిన్న సిమ్యులేషన్ నడపవలసి వచ్చేది. అలాంటి చోట జెనెటిక్ అల్గారిథమ్ హాయిగా పనిచేసింది. అక్కడి ఫోర్‌మన్ మొదటి వరుసను చూసి, ఆ రెండు మెషీన్లకూ సెట్టింగ్ చేయగల మనిషి ఒక్కరే, ఇద్దరు కాదు అన్నారు. కాగితం మీద లేని ఆ నియమాన్ని చేర్చాకే వరుస వాడకంలోకి వచ్చింది. మీరూ దారులు వేశాక వాటిని డ్రైవర్లకు చూపించండి. ఏ వీధిలో బండి తిరగదో, పగటి రద్దీ వేళల్లో పెద్ద లారీలను ఎక్కడ ఆపుతారో వాళ్ళకు తెలిసినంతగా ఏ మ్యాపుకూ తెలియదు.

తోడేళ్ళు, గబ్బిలాలు, తిమింగలాల పేర్లతో రోజుకొక కొత్త అల్గారిథమ్ పత్రికలలో కనిపిస్తుంది. వాటి జోలికి పోవద్దని నా గట్టి సలహా. 2015లో కెన్నెత్ సోరెన్‌సెన్ ఈ ధోరణిని తీవ్రంగా విమర్శించారు. సంగీతం పేరుతో వచ్చిన హార్మనీ సెర్చ్ అన్నది అంతకుముందే ఉన్న ఎవల్యూషన్ స్ట్రాటజీలు అనే పరిణామ పద్ధతులలో ఒక ప్రత్యేక సందర్భమేనని 2010లో డెన్నిస్ వేలాండ్ చూపారు. 1997లో వోల్పర్ట్, మెక్రెడీ నిరూపించిన దాని ప్రకారం, సాధ్యమైన సమస్యలన్నిటి మీదా సగటు తీస్తే ఏ వెతుకులాట పద్ధతీ మరొకదాని కంటే మెరుగు కాదు. మీ సమస్య నిర్మాణాన్ని వాడుకున్న పద్ధతే గెలుస్తుంది, జంతువు పేరు వల్ల గెలవదు.

అమ్మకం ఎందుకు తగ్గింది అన్న మీ చివరి ప్రశ్నకు వస్తాను. మీ డేటాలో స్కీములన్నీ (ధర తగ్గింపు ఆఫర్లన్నీ) పండగల ముందే ఇచ్చి ఉంటారు. కాబట్టి ధర తగ్గినప్పుడు అమ్మకం పెరిగిందని మోడల్ నేర్చుకుంటుంది. అందులో స్కీము పాలు ఎంత, పండగ పాలు ఎంత అన్నది ఆ డేటాలో విడదీయడానికి వీలుండదు. షాప్ (SHAP) వంటి వివరణ సాధనాలు మోడల్ ఏ ఇన్‌పుట్‌కు ఎంత బరువిచ్చిందో చెబుతాయి, బజారులో ఏం జరిగిందో చెప్పవు. విధానం మారితే జనం ప్రవర్తన మారుతుందనీ, పాత సంబంధాలతో కొత్త విధానాన్ని అంచనా వేయకూడదనీ రాబర్ట్ లూకాస్ 1976లో చేసిన విమర్శ చిన్న డిస్ట్రిబ్యూటర్ స్కీముకు కూడా వర్తిస్తుంది. నిజంగా తెలుసుకోవాలంటే పండగ లేని నెలలో, చీటీలు తీసి సగం బీట్లకు మాత్రమే స్కీము ఇచ్చి, మిగతా సగంతో పోల్చమని యజమానిని అడగండి.

ఆర్థిక శాస్త్రంలో "ఎందుకు"కు దగ్గరగా జీవ ప్రేరిత పద్ధతులు వెళ్ళిన చోటు ఒకటుంది, దాన్ని ప్రస్తావించకుండా ఉండలేను. శాంటాఫే ఇన్‌స్టిట్యూట్‌లో బ్రయన్ ఆర్థర్, జాన్ హాలండ్, వారి సహచరులు కంప్యూటర్‌లో ఒక కృత్రిమ షేర్ మార్కెట్ నిర్మించారు. అందులో ప్రతి వ్యాపారీ తన అంచనా సూత్రాలను జెనెటిక్ అల్గారిథమ్‌తో మార్చుకుంటూ ఉంటాడు. సూత్రాలు నెమ్మదిగా మారినప్పుడు ధర పాఠ్యపుస్తకాల హేతుబద్ధ సమతౌల్యానికి దగ్గరగా స్థిరపడింది. కొంత వేగంగా మారినప్పుడు బుడగలు, పతనాలు, ధరల చార్టులు చూసి కొనే అలవాటు వాటంతట అవే పుట్టాయి. ఇక్కడ ఆ అల్గారిథమ్ మనుషులు నేర్చుకునే తీరుకు నమూనాగా నిలిచింది. మీకు పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ఈ దారి చాలా సారవంతమైనది. ఎంబీఏ ప్రాజెక్టుకు మాత్రం ఇది పెద్దదవుతుంది.

అప్పులిచ్చే సంస్థలలో ఉద్యోగానికి వెళ్ళే ఆలోచన ఉందని కూడా రాశారు. అక్కడ దరఖాస్తు తిరస్కరిస్తే కారణం చెప్పగలగాలి. పట్టికల రూపంలో ఉన్న ఖాతాదారుల డేటా మీద లాజిస్టిక్ రిగ్రెషన్ అనే సరళమైన గణాంక పద్ధతికీ నెట్‌వర్కుకూ తేడా చాలాసార్లు చిన్నదిగానే ఉంటుంది. అంత చిన్న లాభానికి వివరించగలిగే గుణాన్ని వదులుకోవడం నాకు సమ్మతం కాదు.

పరీక్షించే విధానం గురించి రెండు మాటలు. డేటాను కలగాపులగం చేసి శిక్షణకు, పరీక్షకు విడదీయకండి. కాలక్రమంలోనే 2024 చివరి వరకు నేర్పి 2025 జనవరిని అంచనా వేయండి, తరువాత జనవరినీ కలిపి ఫిబ్రవరిని అంచనా వేయండి, అలా డిసెంబరు వరకు జరపండి. సగటు, విచలనం వంటి స్కేలింగ్ విలువలను శిక్షణ భాగం నుంచే తీసుకోండి. నెట్‌వర్కును వేరువేరు ప్రారంభ విలువలతో పలుమార్లు నేర్పి, ఫలితాల వ్యాప్తిని చూపండి, వాటి సగటునే వాడండి. జెనెటిక్ అల్గారిథమ్‌కూ ఇదే వర్తిస్తుంది, ఒక్కసారి వచ్చిన మంచి దారిని ఫలితంగా రాయకూడదు. పోల్చేటప్పుడు అన్ని పద్ధతులకూ ఒకే కంప్యూటర్ సమయం ఇవ్వండి.

మీకు ఉన్న సమయంలో అంచనా, దారులు రెండూ చేయడం కష్టం. నేనైతే దారులను వదిలేసి, పెరుగు వంటి త్వరగా పాడయ్యే సరుకులకు మాత్రమే క్వాంటైల్ అంచనా చేసి, ఆ సంఖ్యల ప్రకారం ఆర్డరు పెట్టి ఉంటే 2025లో ఎంత నష్టం తగ్గేదో రూపాయలలో చూపిస్తాను. స్టాకు రిజిస్టరు, క్రెడిట్ నోట్లు దొరికాక వాటిలో ఏయే కాలమ్‌లు ఉన్నాయో ఇక్కడే రాయండి. ఇన్‌పుట్లు ఏవి తీసుకోవాలో చెబుతాను.